కాక ఇచ్చిన సాక్ష్యం

ఇంటర్వ్యూలకు పోయే పోరగాండ్లు ఇప్పటికి నా దగ్గరికి వస్తుంటరు. ఏమడుగుతరు సార్, ఏం చెప్పాలె, టై కట్టుకోవాల్నా, కాలు మీద కాలు ఏసుకుంటె తప్పా అని సతాయిస్తరు. నాకు తిక్క లేస్తది. అరె, కాలు ఏడ పెడితె ఏందిరా, నువ్వు చేసిన పని ఏందో అది చెప్పు అంటె మొకాలు చిన్నగ చేసుకుంటరు. నా నోరే అసొంటిది, ఏం చేస్త. ఇరవై ఏండ్లకు మించి ఒక్క పెద్ద ఎలక్ట్రానిక్స్ కంపెనీల ఇంజనీరుగ పనిచేసిన. అండ్ల శానేండ్లు ఇంటర్వ్యూ బల్లకు అవతలి దిక్కు కూసోని వందల మందిని అడిగిన. నా సొంత ఇంటర్వ్యూ సంగతి మాత్రం ఎవ్వలకు పూరాగ చెప్పలె. చెప్పాలంటె మా నారాయణఖేడ్ బజారు సంగతి చెప్పాలె, పోలీసాయన సంగతి చెప్పాలె, అన్నిటికంటె ముందు కాక సంగతి చెప్పాలె.

కాక అంటె మాకు చుట్టం కాదు. బజార్ల బట్టల దుకాణం ఆయనది. లింగాయతులు. ఆయన తాత బీదర్ దిక్కుకెల్లి వచ్చి ఈడ ఉండిపోయిండట. ఇంట్ల కన్నడం, దుకాణంల తెలుగు, గిరాకి ఉర్దూల అడిగితె ఉర్దూ. మా నాయిన టైలరు. కాక దుకాణం అరుగు మీదనే నాయిన మిషను ఉండేది. లోపల బట్ట తీసుకున్నోళ్లు బయటికొచ్చి కొలతలు ఇచ్చి పోయేది. అమ్మ ఇంటికాడ కాజాలు కుట్టేది, గుండీలు పెట్టేది. నాకు ఇద్దరు అక్కలు. బడి ఇడువంగనే నేను సీదా ఆ అరుగు మీదికే పోయి మిషను పక్కన కూసోని లెక్కలు చేసుకునేటోణ్ణి. గిరాకి లేనప్పుడు కాక నాకు కన్నడం నేర్పిండు. ఎందుకు నేర్పిండో నాకు ఇప్పటికి తెల్వది. ఊకె కూసోవుడు ఆయనకు చాతనయ్యేది కాదు.

ఊర్ల ఎవలనన్న అడుగుండ్రి, ఆయన నోట్లెకెల్లి అబద్ధం రాదు అని చెప్తుండె. గీ చీర రంగు పోతదా సావుకార్ అని అడిగితె, పోతదమ్మా, కొనకు అనే మనిషి. ఏం యాపారం చేస్తవయ్యా నువ్వు అని పక్క దుకాణమోళ్లు నవ్వేది. అయినా పెండ్లి బట్టలు కావాలంటె నాగల్‌గిద్ద కెల్లి కూడ ఈయన దగ్గరికే వచ్చేది. బజార్ల పంచాయితీ ఏదన్న లేస్తె ఆఖరికి కాక మెడల ఉన్న లింగం మీద చెయ్యి పెట్టి ఏమన్నడో అదే ఖాయం.

ఇగ నా సంగతి. పట్నంల ఇంజనీరింగ్ చదువుతున్న దినాలు. డెబ్బైల ఆఖరు. మూడో సాలు పరీక్షలు అయినంక ఎండకాలం సెలవులకు ఇంటికొచ్చిన. వచ్చేటప్పుడు పట్నంల పాత సామాన్ల బజారుకెల్లి వాల్వులు, కండెన్సర్లు, ఒక పాత మైకు మూట కట్టుకొచ్చిన. నాయిన పారేసిన దారం రీలు మీద రాగి తీగ చుట్టి కాయిల్ చేసిన. బిస్కెట్ల రేకు డబ్బాల అన్ని కూసోబెట్టిన. కాక దుకాణం మీది అర్రల పెట్టి, మిద్దె మీద బట్టలారేసే తీగలెక్కనే ఒక తీగ కట్టిన. ఆ డబ్బా ముందర మాట్లాడితె చుట్టుపక్కల రేడియోలల్ల నా గొంతు రావాలె. అంతే.

మొదటి దినం పైన కూసోని, నాయినా, ఇనబడుతుందా అన్న. కింద కాక రేడియోల నా మాట వచ్చింది. నాయిన మిషను తొక్కుడు ఆపి, రేడియో దిక్కు చూసి, మీద అర్ర దిక్కు చూసి, వీడు పైన ఉన్నడు, గొంతేమో కింద ఉంది, ఏంది సావుకార్ ఇది అన్నడట. కాక ఉరికొచ్చిండు. డబ్బా చుట్టు రెండు సార్లు తిరిగిండు. ఎంత దూరం పోతది తమ్మా అని అడిగిండు. బజారు మొత్తం వస్తది కాకా అన్న. కాక మొకంల ఆ వెలుగు నేను మర్వలేను.

సంత రోజు మా ఊర్ల మంది ఎట్లుంటరో చూసినోళ్లకే ఎరుక. ఎవని గొర్రె ఏడ పోయిందో, ఎవని పెండ్లాం ఏ గల్లీల తప్పిపోయిందో ఒకటే లొల్లి. కాకకు అక్కడ పుట్టింది ఆలోచన. ఈ డబ్బాల చెప్తె మందికి పనికొస్తది కదా అన్నడు. నేను మైకు ముందర కూసుంటె నాలుక మడత పడేది. ఇగ ఆయననే కూసున్నడు. గొంతు సవరించుకొని చెప్పుడు షురూ చేసిండు. నాగల్‌గిద్ద కెల్లి వచ్చినోళ్ల ఎర్ర కోడె తప్పిపోయింది, మంగలి దుకాణం ఎనుక కట్టేసున్నది, వచ్చి ఇప్పుకొని పోండ్రి. కల్హేర్ బస్సు ఖరాబైంది, జల్దీ రాదు, పరేషాన్ కాకుండ్రి. దవాఖానకు డాక్టరు వచ్చిండు. ముందుగాల తెలుగుల, తర్వాత కన్నడంల. ఛాయ హోటలు రేడియోల, మంగలి దుకాణంల, కిరాణాల, అన్నిట్ల కాక గొంతే. రెండో సంతకు కాక ఉతికిన ధోతి, కొత్త రుమాలు కట్టుకొని వచ్చిండు. రేడియోల నిన్ను ఎవలు చూస్తరు కాకా అని నవ్విన. మంది ముందరికి పోతున్ననా లేదా అని గుర్రుమన్నడు.

నాలుగు సంతలు నడిచింది మా రేడియో. నాలుగో సంతనాడు పోస్టాఫీసు సారు ఛాయ తాగుతుంటె కాక గొంతు ఇన్నడు. అప్పట్ల రేడియో ఇననీకె కూడ పోస్టాఫీసుల లైసెన్సు తీసుకునేది. ఆ సారు పైకొచ్చి, అయ్యో సావుకార్, ఇననీకే లైసెన్సు ఉంటె మాట్లాడనీకె ఎంత పెద్ద కాయిదం కావాలె, ఎవడన్న అర్జీ పెడితె ఇద్దర్ని జేల్ల ఏస్తరు అన్నడు. ఆ సంత ఇడువకముందే తీగ ఇప్పి, డబ్బా ఊడదీసి ముక్కలు ముక్కలు చేసిన. ఛాయ హోటలు కాడ బజారోళ్లందరు జమై ఒక్క మాట అనుకున్నరు. ఎవలన్న వచ్చి అడిగితె రేడియో లేదు, గీడ ఎవడు ఏం చెయ్యలేదు. మా ఊరోళ్లు ఒక్క మాట అనుకునుడే కష్టం. అనుకున్నరంటె ఇగ దేవుడు దిగొచ్చి అడిగినా చెప్పరు.

మరుసటి సాలు చదువు అయిపోయింది. ఆ కంపెనీల కొత్త ఇంజనీర్లను తీసుకుంటున్నరని పేపర్ల పడితె అర్జీ పెట్టిన. ఇంటర్వ్యూకు నాయిన కొత్త అంగి, ప్యాంటు కుట్టిండు. నలుగురు కూసున్నరు. నా ఇంగ్లీషు ఎంత, తెలుగు మీడియం ఇంగ్లీషు. అయినా పుస్తకాలల్ల ఉన్నది అడిగినంత సేపు ఎట్లనో నెట్టుకొచ్చిన. నలుగుర్ల ఒకాయన అప్పటిదాక ఏమడగలె. బక్కగ, అద్దాలు పెట్టుకొని, మెల్లగ మాట్లాడే మనిషి. ట్రాన్స్‌మిటర్ల సెక్షను చీఫ్ ఇంజనీరు ఆయన. ఆయన ముందరికి వంగి, పుస్తకాల సంగతి సరే, నీ సొంతంగ, నీ చేతులతోని ఏమన్న తయారు చేసినవా అని అడిగిండు.

నోటిదాక వచ్చింది ఆ రేకు డబ్బా. కాయిల్ ఎన్ని చుట్లు, తీగ ఎంత పొడుగు, అన్ని నాలుక చివర ఉన్నయి. కాని జేలు అనే మాట కూడ అండ్లనే ఉంది. లేదు సార్ అన్న. ఏమీ లేదా అని ఇంకొకసారి అడిగిండు. ఏమీ లేదు సార్ అన్న. ఆయన పెన్ను మూత పెట్టి ఎనుకకు ఒరిగిండు. నా సొంత బిడ్డను ఎదురుంగ పెట్టుకొని నాది కాదు అన్నట్టయింది నా పని. బయటికొచ్చి బస్‌స్టాపుల నన్ను నేనే తిట్టుకున్న.

అయినా ఏమాయెనో, నెల రోజులకు ఉత్తరం వచ్చింది. తీసుకుంటం, కాని కంపెనీ మిలటరీ పని కూడ చేస్తది కాబట్టి పోలీసు ఎంక్వైరీ రిపోర్టు మంచిగ వస్తెనే నౌకరి ఖాయం అని రాసిండ్రు. నేను పట్నంల దోస్తు అర్రల ఉంటున్న. నౌకరి ఖాయం అయ్యేదాక ఇంట్ల చెప్పొద్దు, దిష్టి తాకుతది అనుకున్న. పోలీసోళ్లు అడగనీకె వస్తరని ఒక్క ముక్క రాసినా సరిపోతుండె. రాయలె. తప్పు అంత ఆడ్నే ఉంది, నా దగ్గరనే.

ఇగ అటు ఊర్ల ఏమైందో నేను చూడలె. తర్వాత పది మంది పది తీర్ల చెప్పింది కలిపి చెప్తున్న. సంగారెడ్డి కెల్లి ఒక హెడ్ కానిస్టేబులు మఫ్టీల వచ్చిండు. ఒంటి మీద మామూలు అంగి, కాళ్లకేమో పోలీసు బూట్లు. బస్సు దిగంగనే ఊరికి ఎరుకయ్యింది. ఆయన జేబుల కెల్లి కాయిదం తీసి నా పేరు సదివి, గీ పిల్లగాడు ఎవలు, ఏడ ఉంటడు, ఎసొంటోడు అని ఛాయ హోటలాయనను అడిగిండు. హోటలాయన వేడి వేడి మిర్చీలు ముందర పెట్టి, ఆ పేరు గీ ఊర్లనే లేదు సార్ అన్నడు. మంగలాయన, ఆ పిల్లగాని వెంట్రుక కూడ నేను చూడలె సార్ అన్నడు. పుట్టువెంట్రుకలు తీసింది ఆయనే.

హెడ్డు చిరునామా పట్టుకొని అరుగు దగ్గరికొచ్చి మా నాయిననే అడిగిండు. నీ కొడుకేనట కదా అంటె, మిషను తొక్కుడు ఆపకుండ, నాకు కొడుకులే లేరు సార్, ఇద్దరు ఆడపిల్లలే అన్నడట నాయిన. ఇంటికి పోయి అమ్మను అడిగితె, కొడుకు కావాలని బోరంచ నల్లపోచమ్మకు మొక్కని మొక్కు లేదు సారూ, తల్లి ఇయ్యలె అని కొంగు కండ్లకు పెట్టుకున్నదట. ఆయన అటు పోంగనే, తల్లీ తప్పయింది, నువ్వు ఇచ్చినోన్ని కాపాడనీకే అన్న అని అమ్మోరి దిక్కు తిరిగి లెంపలేసుకున్నదట. పాపం ఆ హెడ్డు తల పట్టుకున్నడు. గీ ఊర్ల సత్యం చెప్పేటోడు ఒక్కడన్న ఉన్నడా అని హోటల్ల గట్టిగ అడిగితె, అందరు ఒక్కసారే కాక దుకాణం దిక్కు చెయ్యి చూపిండ్రు.

కాక గల్లపెట్టె కాడ కూసోనున్నడు. హెడ్డు కాయిదం ముందర పెట్టి అడిగిండు. కాక ఆ కాయిదాన్ని అటు ఇటు తిప్పిండట. ఆఖరికి, అసొంటి పిల్లగాడు గీడ లేడు అన్నడట. రాసిస్తవా అంటె సంతకం పెట్టిండు. ఇగ హెడ్డు నిమ్మళంగ బస్సెక్కి పోయిండు. బజారంత ఆ దినం పండుగ చేసుకున్నది, మా పిల్లగాన్ని జేలు కెల్లి తప్పించినం అని.

పదిహేను దినాలకు నాకు కంపెనీ ఉత్తరం. నువ్వు ఇచ్చిన చిరునామాల అసొంటి మనిషి లేడని పోలీసు రిపోర్టు వచ్చింది, పదిహేను దినాలల్ల సెక్యూరిటీ ఆఫీసరు ముందర జవాబు చెప్పు, లేకుంటె నౌకరి రద్దు. నాకు నెత్తురు నెత్తికెక్కింది. ఏ బస్సు దొరికితె అది ఎక్కి ఊరికి పోయిన. బస్సు దిగి సీదా అరుగు కాడికి పోయి బజారంత ఇనేటట్టు అరిచిన. నేను బతికున్ననా, సచ్చిన్ననా చెప్పుండ్రి. నీకు కొడుకులే లేరా నాయినా? ఎవడు చెప్పమన్నడు మీకు? నా నౌకరి మన్నుల కలిపిండ్రు కదా! ఇంక ఏమేమో అన్న. రాయనీకె రాని మాటలు కూడ అన్న.

నాయిన మిషను మీద చెయ్యి అట్లనే పెట్టి, పోలీసోడు రా, బూట్లు చూసిన, నిన్ను గుంజుకపోతడనుకున్న అన్నడు. అంతే అన్నడు. నౌకరి అని మాకేం ఎరుక బిడ్డా, నువ్వు రాయలేదు కదా అని ఇంకొక్క మాట కూడ అనలె. అనొచ్చు. అనలె. నేను ఆ అరుగు మీద కూలబడి చిన్న పిల్లగాని లెక్క ఏడ్చిన. ఒక ఊరు ఊరంత ఒక్కని కోసం అబద్ధం చెప్పింది, వాడొచ్చి వాండ్లనే తిట్టె. ఆ సిగ్గు నాకు ఇప్పటికి ఉంది. ఆ ప్రేమ కూడ.

కాక గజం కట్టె చేతుల పట్టుకొని లోపల నిలబడ్డడు. అందరు ఏదో ఒకటి అంటున్నరు, ఆయన మాత్రం బయటికి రాలె. మొకం నల్లగయ్యింది. కట్టె పక్కకు పెట్టి, సంతకం పెట్టింది నేను, నేనే వచ్చి చెప్త, పొద్దుగాల మొదటి బస్సుకు పోదాం అన్నడు. పట్నం పోయి ఆయన ఏ ఆఫీసు గడప తొక్కినోడు కాదు. బస్సుల నా పక్కన నాలుగు గంటలు కూసున్నడు, సంగారెడ్డి కాడ నీళ్లు తాగుతవా కాకా అంటె వద్దన్నడు. డబ్బా సంగతి మాత్రం చెప్పకు కాకా, పోలీసోళ్లంటె భయపడి అన్నమని చెప్తె సాలు అన్న. ఆయన రుమాలు ఇప్పి మళ్ల సరిగ కట్టుకున్నడు.

కంపెనీ గేటు కాడ పాసు రాసి లోపలికి పంపిండ్రు. సెక్యూరిటీ ఆఫీసరు మిలటరీ నుంచి రిటైరైన మనిషి. పెద్ద మీసాలు. హిందీ, ఇంగ్లీషు తప్ప ఏం రాదు. పక్కన టైపు మిషను ముందర ఒకాయన. చెప్పిందంత ఇంగ్లీషుల టైపు కావాలె, దాని మీదనే ఫైసలా. మూలకు కుర్చీల ఆ బక్క చీఫ్ ఇంజనీరు కూసోనున్నడు. నన్ను తీసుకోవాల్సింది ఆయన సెక్షనుకే కదా.

కాక ఉర్దూల షురూ చేసిండు. గీ పిల్లగాడు నాకు పుట్టినకాడికెల్లి ఎరుక సాబ్, వీళ్ల నాయిన నా అరుగు మీదనే కుడుతడు, మంచోడు, జర కోపం ఎక్కువ, నోరు ఆగదు, కాని దొంగతనం లేదు, తాగుడు లేదు అన్నడు. ఆఫీసరు ఫైలుల కెల్లి కాక సంతకం పెట్టిన కాయిదం తీసి బల్ల మీద పెట్టిండు. అప్పుడు లేడని సంతకం పెట్టినవు. ఇయ్యాల ఉన్నడని వచ్చినవు. రెండిట్ల ఏది అబద్ధం? అబద్ధం ఆడేటోని మాట నేనెందుకు నమ్మాలె అని అడిగిండు.

కాకను ఆ మాట అన్నోడు ఆయన బతుకుల ఎవడు లేడు. కాక చెయ్యి మెడల లింగం మీదికి పోయింది. ఉర్దూ పోయింది, తెలుగు పోయింది. ఇంట్ల మాట్లాడే కన్నడం వచ్చింది ఆయన నోట్లెకెల్లి.

ఆయన అన్నది ఇది. అది అబద్ధమే, ఇది నిజం. ఊరంత ఈ పిల్లగాని కోసం అబద్ధం చెప్పింది. నేను వీని కోసం చెప్పలె, నా కోసం చెప్పిన. వీడు ఒక రేడియో డబ్బా తయారు చేసిండు. లైసెన్సు లేదు. నాలుగు సంతలు అండ్ల మాట్లాడింది నేను, వీడు కాదు. ఊరంత ఇన్నది నా గొంతు. పోలీసాయన వచ్చినప్పుడు, వీడు దొరికితె నా పేరు బయటికొస్తదని నాకు భయమైంది. ఈ వయసుల జేలు ఏందని భయమైంది. వీడే లేడంటె నేను బతుకుత అనుకున్న. అందుకు సంతకం పెట్టిన. ఆనాటి కెల్లి నాకు అన్నం సయిస్త లేదు. శిక్ష ఉంటె నాకు ఎయ్యుండ్రి.

కాక! నా కాక! నిన్నటి కెల్లి, నన్ను కాపాడనీకె కాక బతుకుల మొదటిసారి అబద్ధమాడిండని నేను లోపల్లోపల మురిసిన. ఒక్క గడియ నాకు కోపమొచ్చింది కూడ. దాచెయ్యను, నిజంగనే వచ్చింది.

ఆఫీసరుకు ఒక్క ముక్క అర్థం కాలె. ఏమంటుండు ఈయన అని చీఫ్ దిక్కు చూసిండు. చీఫ్ నా దిక్కు చూసి, నీకు ఆయన భాష ఎరుక కదా, ఇంగ్లీషుల నువ్వే చెప్పు, టైపు చేస్తడు అన్నడు.

ఇగ చూడుండ్రి నా గతి. గదిల కన్నడం ఎరుకైనోడు నేనొక్కన్నే. ఇంగ్లీషు ఎరుక లేనోడు కాక ఒక్కడే. నేను ఏం చెప్పినా పట్టుకునేటోడు లేడు. పోలీసోళ్లకు భయపడిండు సార్, ముసలాయన, తప్పయిందంటుండు అని ఒక్క ముక్క చెప్తె అయిపాయె. డబ్బా సంగతి బయటికి రాదు, నౌకరి నాది, కాక పరువు దక్కుతది. చెప్తె? లైసెన్సు లేని ట్రాన్స్‌మిటరు కట్టినోన్ని మిలటరీ పని చేసే కంపెనీల ఎవడు పెట్టుకుంటడు? దానికి తోడు ఏమీ చెయ్యలే అని ఆ చీఫ్ మొకం మీదనే అబద్ధం చెప్పినోణ్ణి. ఇంట్ల నాయినకు కండ్లు మసకబారుతున్నయి, సూదిల దారం ఎక్కుత లేదు. ఆ నౌకరి మాకు ఎంత అవసరమో నాకే ఎరుక.

కాక దిక్కు చూసిన. తల వంచుకొని కూసున్నడు. కొత్త రుమాలు చెమటకు తడిసింది. ఆయన మెల్లగ తెలుగుల, చెప్పు బిడ్డా, ఉన్నదున్నట్టు చెప్పు అన్నడు. ఆ గొంతు ఇన్నంక నా కోపం ఏమైందో తెల్వది. బతుకంత సంపాదించుకున్న పేరు, ఎవడు అడగకున్నా తెచ్చి బల్ల మీద పెట్టిండు ఆ మనిషి. దాని మీద నేను దుప్పటి కప్పాల్నా?

చెప్పిన. నా వచ్చీరాని ఇంగ్లీషుల మొత్తం చెప్పిన. డబ్బా చెప్పిన, లైసెన్సు లేదని చెప్పిన, నాలుగు సంతలు చెప్పిన. నా కోసం కాదు, తన కోసం సంతకం పెట్టిండన్నది చెప్పేటప్పుడు ఒకసారి ఆగి మళ్ల చెప్పిన. శిక్ష ఉంటె తనకే ఎయ్యమంటుండు అన్నది కూడ చెప్పిన. టైపు మిషను టకటకమని ఆగిపోయింది. ఇంటర్వ్యూల మీరు అడిగితె ఏమీ చెయ్యలేదన్న సార్, అది కూడ అబద్ధమే, భయానికి అన్న అని చీఫ్ దిక్కు తిరిగి నా అంతట నేనే అన్న. ఇగ పోయింది నౌకరి అనుకున్న.

చీఫ్ లేచి కాక ముందరికి వచ్చి నిలబడ్డడు. చేతులు జోడించి, అప్పా, హుడుగ ఒందు మాతూ బిట్టిల్ల అన్నడు.

పిల్లగాడు ఒక్క మాట కూడ ఇడువలె అని. సక్కని కన్నడంల. ఆయనది ధార్వాడ దిక్కట. మొత్తం ఇన్నడు, మొత్తం అర్థమైంది, తెల్వనట్టు కూసోని నాతోని చెప్పించిండు. నా అసలు ఇంటర్వ్యూ ఆ గదిలనే అయ్యిందని నాకు అప్పుడు సమజైంది. ఆఫీసరు మీసం దువ్వుకుంట ఏదో రాసుకొని, మళ్ల ఎంక్వైరీ పంపుతం, పోండ్రి అన్నడు.

తర్వాత అదే హెడ్డు మళ్ల మా ఊరికి వచ్చిండు. ఈసారి బజారంత ఆయన మీద పడి నా సంగతులు చెప్పవట్టె, రాయలేక ఆయన చెయ్యి నొచ్చింది. లైసెన్సు సంగతి మీద కంపెనీ నన్ను గట్టిగ మందలించి ఒక కాయిదం రాయించుకున్నది. కాకను ఎవలు ఏమనలె. నౌకరి ఖాయమైంది. ఆ చీఫ్ దగ్గరనే ఎనిమిదేండ్లు పనిచేసిన. టంకం ఎట్ల ఎయ్యాలె, తప్పు జరిగితె టెస్టు రిపోర్టుల ఎట్ల రాయాలె, అన్ని ఆయన నేర్పినయే. సెట్టు ఫేలైతె ఫేలైందని రాసినోన్ని ఆయన ఎన్నడు తిట్టలె. రాయకుండ దాచినోన్ని మాత్రం ఇడువలె. ఆయనకు రుణపడి ఉన్న.

కాని ఆ దినం గేటు బయట నిలబడ్డప్పుడు ఇవేవీ మాకు తెల్వదు. మిట్టమధ్యాహ్నం, ఎండ దంచుతున్నది. నౌకరి వస్తదో పోతదో ఎరుకలేదు. నేను వంగి కాక కాళ్లు మొక్కబోయిన. ఆయన చప్పున ఎనుకకు జరిగిండు. వద్దు తమ్మా, నా కాళ్లు మొక్కకు, నిన్ను ఇడిచిపెట్టి నన్ను నేను కాపాడుకున్నోణ్ణి నేను అన్నడు. కండ్లల్ల నీళ్లు తిరుగుతున్నయి.

నాకు మళ్ల కోపమొచ్చింది. నా కోపం అసొంటిది, ప్రేమకు కూడ అదే వస్తది. ఊకో కాకా అని గద్దించిన. నీ భయం నీ కడుపులనే ఉంచుకుంటె ఎవనికి తెలుస్తుండె? అందరు నా కోసం ఒకసారి అబద్ధమాడిండ్రు, దానికి నేను బతికినంత కాలం మొక్కుత. నువ్వొక్కనివే నా కోసం నిజం చెప్పినవు. ఇగ కాళ్లు ఇటు పెట్టు.

ఆయన రోడ్డు మీద అటు ఇటు చూసిండు. మెల్లగ ఒక కాలు ముందరికి పెట్టిండు.